జిగురు ఎండిన పుస్తకం

ఆ సందులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె జిగురక్క. లైబ్రరీ వెనకవైపు సందులో ఒక బైండింగ్ షాపుంది. ఒకటే గది, ఒక కటింగ్ మిషను, గోడవారగా రెండు బల్లలు. ఆ రెండో బల్ల దగ్గర కూర్చుని, చిరిగి చీకిపోయిన లైబ్రరీ పుస్తకాలను విప్పి, కుట్టి, వెన్నుకు జిగురు రాసి, కొత్త అట్ట వేసి పంపడం ఆమె పని. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ పిండి జిగురే. కడుక్కున్నా పోదు, ఆ పేరూ పోదు.

పని చేస్తూ పుస్తకం చదవకూడదని షాపు యజమాని రోజూ అరుస్తాడు. ఆయన అరుపు ఆయనది, ఈమె చదువు ఈమెది. జిగురు రాసిన పుస్తకాన్ని బరువు కింద పెట్టి, అది ఆరేలోగా చేతికందిన ఇంకో పుస్తకం తెరుస్తుంది. నచ్చకపోతే ఠక్కున మూసేసి మళ్ళీ బ్రష్షు పట్టుకుంటుంది. నచ్చిందా, ఇక లోకం అక్కర్లేదు. గిన్నెలో జిగురు మీగడ కట్టి, గట్టిపడి, బ్రష్షు అందులోనే నిలబడిపోతుంది. అప్పుడు యజమాని నెత్తి కొట్టుకుంటాడు. లైబ్రరీకి వచ్చే పాఠకులకు ఈ సంగతి ఎలా పాకిందో పాకింది. కొత్త అట్ట వేసుకున్న పుస్తకం అరల్లోకి రాగానే లైబ్రేరియన్ని వాళ్ళడిగే మొదటి ప్రశ్న, "దీనికి జిగురు ఎండిందా?"

ఇక ఆమె అభిప్రాయాలంటారా, మొహమాటం ఆవిడ గుమ్మం తొక్కి ఎరగదు. లైబ్రేరియన్ పుస్తకాలు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ చేతిలో పెట్టి మరీ చెబుతుంది.

"ఇదిగో, ఈ లావుపాటి రాజుల నవల. గుర్రం దిగడానికే మూడు పేజీలు తీసుకున్నాడమ్మా మహానుభావుడు. దిగాడు కదా, ఇక ఏదో చేస్తాడనుకుంటే మళ్ళీ ఎక్కాడు. నేను దిగిపోయా."

"ఈ హత్య నవలలో చంపిందెవరో రెండో అధ్యాయంలోనే తెలిసిపోయింది. అయినా చివరిదాకా చదివా. ఎందుకో తెలుసా? అందులో వంటమనిషి మాట్లాడుతుంటే మా మేనత్త మాట్లాడుతున్నట్టే ఉంది."

"జీవితంలో పైకి రావడం ఎలాగట! తెల్లారకుండానే లేవమంటాడు. లేచి ఇదే చదవాలంటే పడుకోవడమే నయం."

"ఈ కవిత్వం సగం అర్థం కాలేదు. ఆ అర్థం కాని సగమే మళ్ళీ చదివా. బాగుంది. ఎందుకు బాగుందని మాత్రం అడక్కండి."

ఇంత కుండబద్దలు కొట్టే మనిషి నోటికి తాళం వేసిన పుస్తకం ఒకటి వచ్చింది. అది రాసింది పరాయివాళ్ళు కాదు, స్వయానా ఆడపడుచు, మొగుడి అక్క.

వదిన బస్టాండులో మైకు ముందు కూర్చుని బతుకంతా ఉద్యోగం చేసింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లవాడు తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తున్నాడో, అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలిసేవి. ఇంట్లో కూడా అంతే. "అన్నం వడ్డించబడినది, అందరూ రావలెను" అని ఆవిడ వంటింట్లోంచి అంటే పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. అద్దాలు కోసి అమర్చే అన్నయ్య, అంటే వదిన భర్త, పోయినప్పటినుంచీ ఆ గొంతు లేదు. అడిగితే ఊఁ, లేకపోతే ఉహూఁ. తిన్నావా అంటే తల ఊపుతుంది, వెళ్ళొస్తానంటే తల ఊపుతుంది. జిగురక్క మొగుడు అక్క ఇంటికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

అలాంటి వదిన రాయడం మొదలుపెట్టింది. ముందు ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు టైపు చేయించిన కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని షాపుకు వచ్చి, జిగురక్క బల్ల మీద పెట్టింది. ఒక్కో అధ్యాయానికీ ఒక్కో పిన్ను. పైన అధ్యాయం పేరే గానీ అంకె లేదు, పేజీలకూ అంకెల్లేవు.

"నంబర్లేవి వదినా?" అంది జిగురక్క.

"బతుకంతా నంబర్లే అరిచాను. నా పుస్తకంలో నంబర్లుండవు." చాలా రోజుల తర్వాత ఆవిడ నోటినుంచి వచ్చిన పెద్ద మాట అది. కట్టను ఆమె వైపు తోసి, "చదువు. బాగుంటే అట్ట వేసి కుట్టు. బాగోకపోతే మొహం మీదే చెప్పు, చిత్తుకాగితాల్లో పడేసి ఊరుకుంటా. ఇక పెన్ను ముట్టను," అంది.

"ఇంకెవరికైనా చూపించారా?"

"అందరూ బాగుందనే అంటారు. మొగుడు పోయినదాన్ని, బాగోలేదని ఏ నోటితో అంటారు? నువ్వంటావు. అందుకే నీకిచ్చా."

జిగురక్క ఆ రోజే మొదలుపెట్టింది. మొదటి అధ్యాయంలో వదిన తాతగారు గడియారాలు బాగుచేశారు. ఒక గడియారం కాదు, ఆ ఊళ్ళో ఉన్న గడియారాలన్నీ, వరసపెట్టి. రెండో అధ్యాయంలో నాన్నగారు ఉద్యోగంలో చేరారు. చేరేముందు పెట్టుకున్న అర్జీ కూడా అందులో ఉంది. మూడో అధ్యాయంలో బస్టాండు కట్టడం మొదలైంది. సిమెంటు బస్తాలు దిగాయి. అవి దిగుతూనే ఉన్నాయి, దిగుతూనే ఉన్నాయి. జిగురక్క కళ్ళు మూతలు పడ్డాయి. గిన్నెలో జిగురు తాజాగా మెరుస్తోంది. ఆమె కాగితాలు పక్కన పెట్టేసి బ్రష్షు అందుకుంది.

అక్కడినుంచీ అడకత్తెరలో పోకచెక్కే అయింది ఆమె బతుకు. బాగోలేదంటే వదిన మళ్ళీ ఆ మూగతనంలోకే వెళ్ళిపోతుంది. ఈసారి బయటికి రాదు. బాగుందంటే అబద్ధం, పైగా ఆ మనిషి నమ్మి అడిగింది ఇంకెవర్నీ కాదు, తనని. అందుకని "బైండింగులో ఉంది వదినా", "దారం అయిపోయింది వదినా", "మిషను కత్తి సాన పెట్టడానికి వెళ్ళింది వదినా" అంటూ రోజులు నెట్టుకొచ్చింది.

మొగుడు ఊరుకుంటాడా? "ఊళ్ళో వాళ్ళ పుస్తకాలన్నిటికీ లేచే నోరు, మా అక్క పుస్తకానికి మూగనోము పట్టిందేంటి?" అన్నాడు అన్నం తింటూ.

"అన్నం మీద దృష్టి పెట్టండి," అంది జిగురక్క.

చివరికి వదిన ఫోను చేసింది. "రేపు వస్తున్నా," అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే షాపుకెళ్ళిన జిగురక్క జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం గురించి అబద్ధం చెప్పడానికి సిద్ధపడింది. మంచి నీలిరంగు గుడ్డ తీసి, చక్కటి అట్ట వేసి, బాగుందని చెప్పేస్తే పీడా పోతుంది. ఆ మాట వదిన నమ్ముతుందా లేదా అనేది దేవుడికి వదిలెయ్యాలి. అలా అనుకుంటూ పైనున్న కట్టను లాగింది. ధ్యాస ఎక్కడో ఉందేమో, కట్ట కాస్తా జారి నేల మీద పడింది. పిన్నులు పెట్టిన అధ్యాయాలు బల్ల కిందికి కొన్ని, మిషను కిందికి కొన్ని జారిపోయాయి.

కుట్టేముందు వరస సరిచూసుకోవడం ఈ పనిలో మొదటి పాఠం. కింద ఉన్న అంకె చూసుకుంటూ పోవడమే. ఇక్కడ అంకెలుంటేగా! మనసు బాగున్న రోజైతే పేర్లు చూసి, ఒక్కో ముక్క చదివి సర్దేదే. ఆ రోజు మాత్రం చేతికందినవి అందినట్టే పేర్చి, పిన్నులు పీకి, అంచులు సమం చేసి, దబ్బనంతో చిల్లులు పొడిచి కుట్టేసింది. వెన్నుకు జిగురు రాద్దామని గిన్నె దగ్గరికి లాక్కుని, కుట్టు బిగిసిందో లేదో చూడటానికి మొదటి పేజీ తిప్పింది.

తాత లేడు. గడియారాల్లేవు.

"అయ్యో, కొంప మునిగింది," అనుకుంది. ఇది ఏ అధ్యాయమో తెలిస్తే విప్పి సర్దవచ్చని మొదటి వాక్యం చదివింది. ఆ తర్వాత రెండోది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి జలుబుతో మైకు ముందు కూర్చుని ఒక బస్సుకు తప్పు ప్లాట్‌ఫారం చెప్పింది. ఆ మాట నమ్మి, నిలువెత్తు అద్దం పట్టుకున్న ఒక కుర్రాడు వేరే ఊరి బస్సెక్కాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు, అద్దం పగలకుండా, కోపం తగ్గకుండా. నేరుగా ఆమె గది కిటికీ ముందుకొచ్చి, అద్దాన్ని గోడకు ఆనించి దెబ్బలాట మొదలుపెట్టాడు. ఆమె కూడా తగ్గలేదు. మాటకు మాట అంటూ అంటూ, ఆ అద్దంలో తన మొహం చూసుకుంది. చీదేసిన ముక్కు, ఎగిరిపడుతున్న కనుబొమలు. నవ్వాగలేదు. అతను వెనక్కి తిరిగి అద్దంలో చూసి, అతనూ నవ్వాడు.

అన్నయ్య! జిగురక్క చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని పేజీ తిప్పింది. ఇద్దరూ గది అద్దెకు తీసుకున్నారు, కొట్టుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఒక పిల్లవాడికి జ్వరం వచ్చిన రోజున మధ్యలోంచి తాతగారు వచ్చారు. ఆ పిల్లవాడు నిద్రపోవాలంటే గడియారం టిక్కుటిక్కు వినాలి. అప్పుడు ఆ గడియారాలన్నీ ఎందుకో అర్థమయ్యాయి. ఒక్కటి కూడా ఎక్కువనిపించలేదు. సిమెంటు బస్తాలు మాత్రం ఎక్కడొచ్చినా సిమెంటు బస్తాలే. వాటిని దాటేసి చదివింది.

చివరి పేజీ మూసి తలెత్తేసరికి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. గిన్నెలో బ్రష్షు నిటారుగా నిలబడి ఉంది.

"వదినా, జిగురు ఎండిపోయింది!" జిగురక్క కేకపెట్టింది. ఏ లెక్కా వేసుకోకుండా లోపల్నుంచి తన్నుకొచ్చిన మాట అది.

ఆ మాటకు ఆ ఇంట్లో అర్థం తెలియనివాళ్ళు లేరు. వదిన మొహం విచ్చుకుంది. వచ్చి స్టూలు మీద కూలబడి, ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో నిమిరింది. "నిజమా? మొదట్నుంచీ నచ్చిందా? మా తాత కథ నచ్చిందా నీకు?" అని చిన్నపిల్లలా అడిగింది.

ఇదిగో, ఇక్కడ ఒక్క చిన్న మాట చాలు. నచ్చింది వదినా, కుట్టు కాస్త వంకరపోయింది, మళ్ళీ కుట్టిస్తా, రేపు పట్టుకెళ్ళండి, అనేస్తే సరి. సాయంత్రానికల్లా తాతగారు మొదట్లోకి, అద్దం మధ్యలోకి వెళ్ళిపోతాయి. ఎవరికీ ఏమీ తెలీదు. ఆ మాట జిగురక్క నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని ఊరికే అన్నారా? ఇప్పటికే ఆది దాటిపోయింది.

"వదినా, నన్ను తిట్టండి," అంది. "మీరు రాసిన వరసలో నేను చదవలేదు. చదవబోయి సిమెంటు దగ్గర వదిలేశాను. మీ బస్సు ఎంతసేపటికీ స్టాండులోంచి కదల్లేదు. చెప్పడానికి నోరు రాక ఇన్నాళ్ళూ తిప్పించాను. ఈ రోజు కాగితాలు కిందపడి వరస తప్పాయి. తప్పిన వరసలో కుట్టేశాను. అలా చదివితేనే జిగురు ఎండింది."

వదిన చెయ్యి పుస్తకం మీద ఆగిపోయింది.

"అంటే నీకు నచ్చింది నేను రాసింది కాదు. నీ చేతి తప్పు."

"ప్రతి అక్షరం మీదే వదినా. నేను కింద పడేశానంతే."

వదిన లేచింది. అట్ట లేని పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. యజమాని ఆ రోజు అరవకుండా తనే జిగురు గిన్నె కడిగి పెట్టాడు.

తర్వాత ఫోను చేస్తే వదిన ఎత్తలేదు. మొగుడు వెళ్తే తలుపు తీసి, తల ఊపి, మళ్ళీ వేసుకుందట. "యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా?" అని ఆయన విసుక్కుని, కాసేపటికి తనే వచ్చి, "అబద్ధం చెప్పుంటే అక్క నీ మొహం చూడగానే పట్టేసేదిలే," అన్నాడు. జిగురక్కకు ఏ పుస్తకం తెరిచినా అక్షరాలు ఎక్కలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేది. చదువుతున్న పుస్తకం లేకుండా గిన్నెలో జిగురు ఎండిపోవడం అదే మొదటిసారి. ఒక మనిషి నోరు మళ్ళీ మూయించానన్న బాధ మామూలు బాధ కాదు.

ఒక మధ్యాహ్నం కటింగ్ మిషను ఆగి, షాపు సద్దుమణిగి ఉంది. జిగురక్క వాకిలికి వీపు పెట్టి కొత్త జిగురు కలుపుతోంది. వెనకనుంచి, సందు సందంతా వినిపించేలా ఒక గొంతు లేచింది.

"ప్రయాణికులకు మనవి! ఒకటవ ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరవలసిన తాతగారు, గడియారాలతో సహా, ఆరవ ప్లాట్‌ఫారానికి మార్చబడ్డారు. ఒకటవ ప్లాట్‌ఫారం మీద అద్దం పట్టుకున్న మనిషి సిద్ధంగా ఉన్నాడు. సిమెంటు బస్తాల బస్సు రద్దు చేయబడినది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము!"

ఎదురు కొట్టువాడు బయటికొచ్చి చూశాడు. యజమాని నోరు తెరుచుకుని ఉండిపోయాడు. జిగురక్క గరిటె వదిలేసి, జిగురు చేతులతోనే వెళ్ళి వదినను వాటేసుకుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

"చీర పాడు చేశావు కదే," అంది వదిన. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. "మొదట నీ మీద కోపంతో విప్పేద్దామని కూర్చున్నా. విప్పేముందు ఒకసారి చూద్దామని చదివా. అద్దం దగ్గర నవ్వొచ్చింది. ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే పైకి నవ్వడం అదే మొదలు. ఆయన దొరికింది నేను తప్పు చెప్పబట్టేగా! దాన్ని తీసుకెళ్ళి నడిమధ్యలో దాచిపెట్టాను, పిచ్చిమొహాన్ని."

సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పేజీ పేజీకీ కింద ఎర్రసిరాతో అంకెలున్నాయి.

"నంబర్లు వేశారే!" అంది జిగురక్క.

"నీ చేతిలో పెట్టాక వెయ్యకపోతే ఎలా?" అని, వదిన సంచిలోంచి ఇంకో కొన్ని కాగితాలు తీసింది. ఇవి టైపు చేసినవి కావు, చేత్తో రాసినవి. ఇచ్చేటప్పుడు గొంతు కాస్త తగ్గింది. "ఇది చివర్లో పెట్టాలి. ఆయన పోయిన రోజు. ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. చదువు. నచ్చకపోతే వదిలెయ్, ఏమీ అనుకోను."

జిగురక్క చేతులు తుడుచుకుని, ఆ కాగితాలు అందుకుని, తన చోట్లో కూర్చుంది. వదిన ఎదురుగా స్టూలు లాక్కుని, బల్ల మీద ఆవిర్లు కక్కుతున్న గిన్నె వైపు చూసింది.

"మూత పెట్టవే, ఎండిపోతుంది."

"ఎండనివ్వండి వదినా," అంది జిగురక్క, మొదటి వాక్యం మీద వేలు పెట్టి.