చిట్టమూరు మీద పసుపు చుక్క

నేను కూర్చునేది నెల్లూరులో, రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ హెడ్డాఫీసులో. తీరం పొడవునా ఉన్న మా బ్రాంచీల కంప్యూటర్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడడం నా పని. గోడకున్న పెద్ద టీవీలో ఒక్కో కంప్యూటరుకి ఒక్కో చుక్క. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా ఉంటే లైను పోయినట్టు. ఉప్పుగాలికి తీగల కొసలు తుప్పు పడతాయి, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి ఎరుపుకి కొదవ లేదు. ఎక్కువ భాగం ఇక్కణ్ణుంచే సరిచేస్తాను, కాకపోతే మనిషిని పంపిస్తాను. ఈ పనంటే నాకిష్టం.

అందులోకి మా ఓనరుగారు పసుపు రంగు తెచ్చిపెట్టారు. మౌసు కాసేపు కదలకపోతే చుక్క పసుపు రంగులోకి మారే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో మొదటినుంచీ ఉంది, నేనే దాని జోలికి పోలేదు. ఎవరో ఆయన చెవిన వేశారు. అన్ని కంప్యూటర్లకూ పెట్టమంటే ఆయనది తప్ప అన్నిటికీ పెట్టాను. ఇంకేముంది, చిట్టమూరు బ్రాంచీ చుక్క పొద్దస్తమానం పసుపే.

అక్కడ పనిచేసేది నాకంటే పెద్దావిడ, అక్కా అని పిలుస్తాను. ఫోన్ చేసి సంగతేమిటని అడిగాను.

"రైతులు రొయ్యల గుంటల్లోనించి నేరుగా వస్తారు గదమ్మా, కాళ్ల నిండా బురద. లోపలికి రమ్మన్నా రారు, గేటు కాడే నిలబడి పిలస్తారు. సీసాల్లో గుంట నీళ్లు తెచ్చుంటారు. అయి పరీక్ష చేసి మేత ఎంతెయ్యాలో చెప్పొద్దా? నేనే బయటికి పోతా. ఆ మౌసు పట్టుకోని ఊపతా కూసోమంటావా?"

ఈ మాటే వెళ్లి ఓనరుగారితో చెప్పాను.

"కతలు చెప్పబాక. బిల్లులు కొట్టేదానికి పెట్టుకున్నాం ఆమెని. ఈ నెలాఖరుకి మానిపించేస్తా. నువ్వు ఆమె పసుపు లెక్క రిపోర్టు తీసి సంతకం పెట్టియ్యి" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నన్ను పెట్టుకున్నది కంప్యూటర్లు చూసుకోమని, మనుషుల మీద చాడీలు చెప్పమని కాదు. ఇవ్వనన్నాను. నువ్వు కాకపోతే ఇంకొకరు ఇస్తారన్నారు. అది నిజమే, అందుకే భయం కూడా వేసింది. అయినా నా సంతకంతో ఆమె నోటికాడ కూడు తీసేది మాత్రం లేదని తీర్మానించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన లాప్‌టాప్‌కీ పసుపు పెట్టేశాను. అన్ని కంప్యూటర్లకూ అన్నది ఆయనే కదా. దాన్ని ఆన్‌లోనే గదిలో వదిలేసి ఆయన బయటికెళ్లారు, పసుపైన చుక్క ఇక మారితే ఒట్టు. ఆఫీసులో అందరూ టీవీ వంక చూడడం, ఫైళ్లలో తల దూర్చడం.

మధ్యాహ్నం ఆయన బయటినుంచి వచ్చి టీవీ ముందు ఆగారు.

"ఇదేంది?"

"మీ లాప్‌టాప్ సార్. పొద్దుట్నించీ పసుపే."

"పొద్దుట్నించి వెంకటాచలంలో డీలర్లతో మాట్లాడి మాట్లాడి గొంతెండిపొయ్యింది నాకు. దాని ముందర కూసుంటేనే పనా?"

"చిట్టమూరు అక్క కూడా అదే అంటా ఉండాది సార్."

ఆయన మొహం కందిపోయింది. గొంతు తగ్గించి, "నాది తీసెయ్" అన్నారు.

"తీస్తే అందరిదీ తీస్తా సార్. లేదంటే మీదీ ఉంటాది."

"పొగరెక్కువైంది నీకు."

నేను టీవీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన తన గదిలోకి వెళ్లి, తలుపు వేసుకోబోతూ, "అందరిదీ తీసెయ్" అన్నారు.

అక్క ఉద్యోగం నిలిచింది. రిపోర్టు మాట మళ్లీ ఎత్తలేదు గానీ, ఆయన నాతో సరిగ్గా మాట్లాడడం మానేశారు. మానేస్తే మానేశారు. రేపు ఆ పసుపు మళ్లీ పెట్టమంటే పెడతాను. మొదట ఆయనకే.