బొంత తెచ్చిపెట్టిన మోకాలి నొప్పి

నిన్న మా ఇంట్లో నా మోకాళ్ల కోసం ప్రార్థన జరిగిందండీ! మా చర్చి అయ్యగారు కళ్లు మూసుకుని, చెయ్యెత్తి, ఎంతో భారంగా చేసేరు. నా మోకాళ్లేమో గుండ్రాళ్లలా ఉన్నాయి, ఏ నొప్పీ లేదు. ఎలా జరిగిందంటారా? టీ తీసుకోండి, మొదట్నించీ చెబుతాను.

నేను కొత్తపేటలో పిల్లలకి సోషల్ చెప్పి చెప్పి రిటైరయ్యేను కదా. ఊరికే కూర్చోలేక బొంతలు మొదలెట్టేను. పాత చీరలు పొరలు పొరలుగా వేసి, దగ్గర దగ్గరగా కుట్లు వేసుకుంటూ పోతాం చూడండి, అవే. అమలాపురం నించి వచ్చే ఒక ఆడవాళ్ల మాసపత్రికలో నాకో పేజీ కూడా ఇచ్చేరు. పాఠకులు బొంతల మీద ప్రశ్నలు పంపిస్తారు, నేను జవాబులు రాస్తాను. అడిగినదానికి చెప్పి ఊరుకుంటే బాగుండేది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ప్రతి జవాబులోనూ రెండు చీవాట్లు పడేవి.

పోయిన నెల ఒకావిడ పేరు లేకుండా రాసింది. "బొంత కుడుతుంటే కట్టుకున్న చీర కూడా కలిసి కుట్టు పడిపోతోందండీ, ఏం చెయ్యమంటారు?" అని. నేనేం రాసేనో తెలుసా? "ఒళ్లో పెట్టుకుని కుట్టేవాళ్లకి అలాగే అవుతుంది. చాప మీద పరుచుకుని కుట్టండి. కుట్టేటప్పుడు ధ్యాస కుట్టు మీద ఉండాలి, ఊళ్లో కాదు." పత్రిక వచ్చేక, భలే రాసేనని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

ఇక నాకున్న రెండో జబ్బు. మా అమ్మాయి తన లైబ్రరీ కార్డు మీద పుస్తకాలు వినే యాప్ నా ఫోన్లో వేసింది. ఎవరో చక్కగా చదువుతూ ఉంటారు, మనం వింటూ కుట్టుకోవడమే. రెండు వారాలు గడువు. అయిపోయిందా, పుస్తకం దానంతటదే మాయం! మళ్లీ కావాలంటే మన వంతు వచ్చేదాకా ఆగాలి. నిన్న నా హత్య నవలకి ఆఖరి రోజు. మొదటి అధ్యాయంలోనే జమీందారుగారు పోయేరు. పది గంటలు విన్నాను, చంపిందెవరో ఇంకా తేలదు! ఇంకో గంట కథ మిగిలింది. చాప పరిచే ఓపికెక్కడిదండీ? సోఫాలో కూలబడి, బొంత ఒళ్లోకి లాక్కుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మొదలెట్టేను.

అనుమానం డాక్టరు మీదికి వెళ్లింది, నా సూది జోరందుకుంది. డాక్టరు మీంచి వంటవాడి మీదికి వెళ్లింది, ఇంకా జోరందుకుంది. ఆఖరికి డిటెక్టివ్ అందర్నీ హాల్లోకి రమ్మన్నాడు. సరిగ్గా అప్పుడే మా గేటు చప్పుడైంది.

వచ్చింది అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ. లేద్దామని కదిలేను. బొంతా కదిలింది. కిందికి చెయ్యి పోనిచ్చి చూసుకుంటే, కుచ్చిళ్ల దగ్గర్నించి మోకాలి దాకా నా చీర బొంతకి కుట్టేసి ఉంది! ఒక వరస కాదండీ, నాలుగు వరసలు. ఏ వరసకావరస ఎంత తిన్నగా వచ్చిందో!

నిజం చెప్పేసి నవ్వేసుంటే పోయేది. చెబుదామనే నోరు తెరిచేను. ఈలోగా అమ్మగారు ఎదురుగా కూర్చుంటూ, "టీచర్ గారూ, పోయిన నెల పత్రికలో చీర సంగతి అడిగింది నేనేనండి," అన్నారు. "మీ చీవాట్లు చదివి ఈయన ఒకటే నవ్వు. అప్పట్నించీ చాప మీదే కుడుతున్నానండి. అందుకే ఈ వేసవిలో మన స్త్రీల సమాజం వాళ్లకి బొంతల క్లాసు మీరే చెప్పాలని అడగడానికొచ్చేం. ధ్యాసగా కుట్టడం మీ దగ్గరే నేర్చుకోవాలండి."

నా నోరు దానంతటదే మూసుకుపోయింది. అలాంటి క్లాసు కోసం నేను ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. రిటైరైన టీచరుకి ఎదురుగా కూర్చుని వినే మనుషులు దొరికితే అంతకన్నా ఏం కావాలండీ? దాన్ని నా చేత్తో నేనే పోగొట్టుకుంటానా?

"ఆయ్, తప్పకుండా చెబుతానండి," అన్నాను, కూర్చున్నచోటి నించే. మా ఆయన్ని కేకేసి కాఫీ పెట్టమన్నాను. ఆయన నన్ను అదోలా చూసి వంటింట్లోకి వెళ్లేరు.

కాఫీలయ్యేయి. "ప్రార్థన చేసుకుని వెళ్తామండి," అని అయ్యగారు లేచేరు. అమ్మగారు లేచి కొంగు తలమీదికి లాక్కున్నారు. మా ఆయనా లేచేరు. మా ఇళ్లలో అయ్యగారు ప్రార్థనకి నిలబడితే మంచాన ఉన్న ముసలమ్మ కూడా లేచి కూర్చుంటుంది. నేను మాత్రం సోఫాలో మహారాణిలా కూర్చునే ఉన్నాను. ముగ్గురూ నావైపు చూసేరు.

"మోకాళ్లండి," అన్నాను. "పొద్దుట్నించీ పట్టేసేయి."

"మోకాళ్లా?" అన్నారు మా ఆయన. "ఇందాకే కదా అటకెక్కి జాడీలు దించేవు!"

"దించేకే పట్టేసేయి," అన్నాను పళ్లు బిగించి.

"అయ్యో, ముందే చెప్పొద్దటండీ?" అన్నారు అయ్యగారు. అంతే, రెండు నిమిషాల ప్రార్థన కాస్తా నా మోకాళ్ల మీదికి తిరిగింది. కుడి మోకాలికి కొంతసేపు, ఎడమ మోకాలికి కొంతసేపు. అమ్మగారు ప్రతి మాటకీ "అవును ప్రభువా" అంటున్నారు. ఇంత మంచి మనుషుల దగ్గర ఈ అబద్ధం ఎందుకాడేనురా బాబూ అని నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంత ఏడుపులోనూ చెవిలో ఇయర్‌ఫోన్ మాత్రం తియ్యలేదండోయ్. జుట్టు కింద ఎవరికీ కనబడదు కదా! పైగా ఆఖరి రోజాయె.

"ప్రభువా, ఈ సోదరి ఇప్పుడే లేచి నిలబడాలి," అంటున్నారు అయ్యగారు. అదే క్షణంలో డిటెక్టివ్ హంతకురాలి పేరు చెప్పేసేడు. జమీందారు మేనత్త! మొదట్నించీ నా అనుమానం ఆవిడ మీదే.

"నాకు ముందే తెలుసు!" అని గట్టిగా అరిచేను.

ప్రార్థన ఆగిపోయింది. అయ్యగారు కళ్లు తెరిచేరు. ఆ కళ్లనిండా నీళ్లు. "చూసేరా, ఎంత విశ్వాసమో! లేవండి టీచర్ గారూ. భయపడకండి, లేవండి."

కూర్చుంటే ఆయన ప్రార్థన పోయె. లేస్తే నా పరువు పోయె. ఆ నీళ్లు నిండిన కళ్లు చూసేక కూర్చోవడం నా వల్ల కాలేదు. లేచేను.

బొంతా లేచింది. నడుం నించి నేల దాకా తెరలా దిగిపోయింది, చివర సూది వేలాడుతోంది. ఆ బరువుకి నాలుగు కుట్లయినా తెగి నన్ను కాపాడతాయేమోనని చూసేను. ఒక్కటి తెగితే ఒట్టు!

మా ఆయన కాఫీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి పారిపోయేరు. అక్కణ్నించి దగ్గూ, నవ్వూ కలిసి వినిపిస్తున్నాయి. అయ్యగారు బొంతని చూసేరు, నా మోకాళ్లని చూసేరు. "ఆమేన్," అని గబుక్కున ముగించి, కొబ్బరిచెట్లు చూస్తానంటూ పెరట్లోకి వెళ్లిపోయేరు.

అమ్మగారు నా కుట్టు డబ్బాలో చెయ్యి పెట్టేరు. కత్తెర తీసుకుని నా ముందు నేలమీద కూర్చుని ఒక్కో కుట్టూ తెంపడం మొదలెట్టేరు. రెండో వరస సగంలో ఉండగా తలెత్తి, "క్లాసు సోమవారం నించి పెట్టుకుందామాండీ?" అన్నారు.

"ఇంకా నన్నే పిలుస్తున్నారాండీ?" అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

"మీరేనండి. మొదటిరోజు పాఠం కూడా చెప్పక్కర్లేదు. ఇలాగే వచ్చి నిలబడండి, చాలు."

కాదందామనుకున్నాను. కానీ కత్తెర ఆవిడ చేతిలో ఉంది, నా చీర ఇంకా రెండున్నర వరసలు బొంతలోనే ఉంది.

"ఆయ్," అన్నాను.