ఆదివారం పొద్దుటి డ్యూటీ

జమ్మలమడుగు టెలిఫోన్ ఎక్స్చేంజిలో నేను ఆపరేటరుగా చేరిన రోజుల్లో ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ముందు నాతో మాట్లాడాలి. వాళ్లు ఫోను ఎత్తగానే బోర్డు మీద ఒక చిన్న మూత కిందికి పడేది. నేను తీగ గుచ్చి "నంబర్ ప్లీజ్" అనేదాన్ని. చాలామంది నంబరు చెప్పేవాళ్లు కాదు. "అన్నకియ్యి" అనేవాళ్లు. మా వైపు నాయకులందరూ అన్నలే. ఏ అన్నకో గొంతును బట్టి మనమే తెలుసుకోవాలి. ఒక పార్టీ మనిషిని ఇంకో పార్టీ అన్నకు కలిపితే ఏమవుతుందో కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పేవాళ్లు. అందుకని ఎవరూ తప్పు కలిపేవాళ్లు కాదు.

ఆదివారం పొద్దున అన్నలకు తీరిక. ప్రొద్దుటూరు, పులివెందుల, చుట్టుపక్కల పల్లెలు, అన్నీ ఒకేసారి మోగేవి. లైను ఆలస్యమైతే బూతులు. ఆ డ్యూటీ వేస్తే మగ ఆపరేటర్లకు శనివారం సాయంత్రానికే జ్వరం వచ్చేది. మా సూపర్‌వైజరు ప్రొద్దుటూరు షావుకార్ల ఇంటి మనిషి. దేనికైనా లెక్క చూసేవాడు. ఆడగొంతు వినిపిస్తే అన్నలు బూతులు సగానికి తగ్గిస్తారని ఆయన కనిపెట్టాడు. ఎక్స్చేంజిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆదివారం పొద్దుటి డ్యూటీ నాకు పడింది.

నాకు ఆ పొద్దున వేరే పని ఉండేది. మా చర్చిలో ఆడవాళ్ల వైపు పాట ఎత్తేది మా అమ్మ. ముత్తాతల కాలంలో దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం మాది. పొలాలు లేవు గాని గొంతులున్నాయి. పక్షవాతం వచ్చి అమ్మకు మాట పడిపోయాక పాట ఎత్తే పని నాకొచ్చింది. ముందు వరసలో చాప మీద ఆమెను కూర్చోబెట్టి, పక్కన నిలబడి ఎత్తేదాన్ని. ఆమె నా నోటికేసి చూస్తూ పెదవులు కదిపేది. వారమంతా మంచంలో ఉండే మనిషికి మిగిలింది అదొక్కటే. నేను డ్యూటీకి పోయిన మొదటి ఆదివారం పాట ఇంకెవరో ఎత్తారు. అమ్మ పెదవి కదపలేదట. మధ్యాహ్నం నేను అన్నం కలిపి పెట్టబోతే మొహం తిప్పుకుంది.

మర్నాడు సూపర్‌వైజరు దగ్గరికి పోయాను.

"సార్, ఆదివారం పొద్దున నాకొద్దు. మిగతా రోజులు మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా."

"అందరికీ ఆదివారమే గావాలంటే ఎట్లమ్మా? మీ దేవుడు సోమవారం వినడా?"

"దేవుడు వింటాడు సార్. మా అమ్మ వినదు."

"మీ అమ్మ సంగతి నాకేంది? పొయ్యి బోర్డు చూడు."

నాకు కోపం ఎక్కువ. అప్పుడు ఇంకా ఎక్కువ. చెవులకు పెట్టుకునే సెట్టు బల్ల మీద విసిరికొట్టాను. "బూతులు పడలేక ఆడమనిషిని అడ్డం పెట్టుకుంటాండారు. మొగోళ్లేనా మీరు?" అన్నాను. ఎక్స్చేంజి మొత్తం విన్నది. ఆయన మొహం కందగడ్డ అయింది.

వేరే జిల్లాలో అయితే దీనికి ఒక మెమో ఇచ్చేవాళ్లు, నేను సంజాయిషీ రాసేదాన్ని, అంతటితో పోయేది. మేమిద్దరం మాత్రం మా వైపు అందరూ చేసే పనే చేశాం. ఇంటికి పోయి మా మా మనుషులకు చెప్పాం.

మా చిన్నమామ పులివెందుల దగ్గర ఒక నాయకుడికి జీపు తోలేవాడు. అంతా విని, "నువ్వు గమ్మునుండు పాపా. మేము చూసుకుంటాం" అన్నాడు. రెండు రోజులకు ఎక్స్చేంజి ముందు జీపు ఆగింది. తెల్లబట్టల మనుషులు దిగి, సూపర్‌వైజరు ఎదురుగా కూర్చుని, టీ తెప్పించుకున్నారు.

"బాగుండారా సార్? పిల్లోళ్లు ఏ స్కూలుకు పోతాండారు?"

ఆయన చెప్పాడు.

"మంచి స్కూలే. రోడ్డు దాటాల గదా. జాగర్త సార్."

ఆదివారం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్యాదగా నమస్కారం పెట్టి పోయారు. సార్ గ్లాసులో టీ అట్లాగే ఉండిపోయింది.

సార్ బామ్మర్దికి ప్రొద్దుటూరులో బట్టలకొట్టు. ఎలక్షన్లప్పుడు ఆ బామ్మర్ది ఎదుటి పార్టీ నాయకుడి మనిషి. ఆ వారంలోనే ఇంకో జీపు వచ్చింది. వీళ్లు నా పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"మీ అమ్మకు ఒంట్లో బాగలేదంట గదమ్మా. ఇంట్లో మొగదిక్కు ఎవురుండారు?"

"ఎవురూ లేరన్నా."

"శానా కష్టం" అని నొచ్చుకుని పోయారు.

ఇక ఆ ఆదివారం నాది కాదు, సార్‌ది కాదు. నాకు సెలవిస్తే ఆ పార్టీ ఓడినట్టు. నేను డ్యూటీ చేస్తే ఈ పార్టీ ఓడినట్టు. ఎదురుగా టీకొట్టు దగ్గర రెండు జీపులూ కొంచెం ఎడంగా నిలబడి ఉండేవి. టీకొట్టు యజమాని ఒక్కడే సంతోషంగా ఉన్నాడు.

చివరికి సార్ నన్ను బ్యాటరీల గదిలోకి పిలిచాడు. యాసిడ్ వాసనకు అక్కడికి ఎవరూ రారు.

"ఏందమ్మా ఇది? సెలవిద్దామంటే ఇయ్యనీరు."

"డ్యూటీ చేస్తానంటే చెయ్యనీరు సార్."

"మీ మామకు చెప్పు, ఇంగ వద్దని."

"చెప్పినా. నీకు తెలీదు, గమ్మునుండు అన్యాడు."

"మా బామ్మర్దీ అదే మాట అన్యాడు."

మేమిద్దరం ఒక విషయంలో ఒక్కటి కావడం అదే మొదలు. ఆయనే, "ఆదివారం ఇద్దరమూ చేద్దాంలే" అన్నాడు.

అట్లా తేలింది. సూపర్‌వైజరును ఆదివారం బోర్డు మీద కూర్చోబెట్టామని మా మామ ఊరంతా చెప్పుకున్నాడు. ఆ పిల్లకు సెలవు రానీయలేదని సార్ బామ్మర్ది కొట్లో మిఠాయి పంచాడట. ఎవరికి కావలసిన సగం వాళ్లు విన్నారు. జీపులు వెళ్లిపోయాయి. నష్టపోయింది మేమిద్దరమే కాబట్టి దాన్ని రాజీ అన్నారు.

ఆదివారం పొద్దున పక్కపక్కన కూర్చునేవాళ్లం. అన్నల బూతులు సార్ తన చెవులతో వినడం అదే మొదటిసారి. మొదటి వారం ఆయన మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. తర్వాతి వారం నా వైపు చూడకుండా, "మీ అమ్మకు ఏమైందమ్మా?" అని అడిగాడు. పాట సంగతి, చాప సంగతి, ఆమె మొహం తిప్పుకున్న సంగతి చెప్పాను. చెప్తూ ఏడ్చాను.

పై ఆదివారం రాగానే, "పాస్టరు గారింట్లో ఫోనుంది గదా" అన్నాడు.

బోర్డుకు పైన గోడ మీద ఆయన స్వయంగా రాయించిన అట్ట ఉండేది: ఇతరుల మాటలు వినరాదు, సొంతానికి లైను వాడరాదు. దాని కిందే నిలబడి, పాస్టరు గారి లైనుకు తన చేత్తో తీగ గుచ్చాడు. చర్చి పక్కనే పాస్టరు గారిల్లు. విషయం చెప్పగానే వాళ్ల ముందుగదిలో అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పాస్టరమ్మ ఆమె చెవి దగ్గర ఫోను పట్టుకుంది. నేను మెల్లగా పాట ఎత్తాను. మిగతా మూతలన్నీ సార్ చూసుకున్నాడు. "లైన్ బిజీ అన్నా. నేనేం జేసేది" అంటూ తిట్లన్నీ తిన్నాడు.

ఇక ప్రతి ఆదివారం అట్లాగే. అవతలినుంచి మాట వచ్చేది కాదు. ఊపిరి మాత్రం వినిపించేది. పాటలో ఎక్కడ ఆగాలో అక్కడ ఆ ఊపిరి కూడా ఆగేది. అమ్మ పాడుతోందని నాకు తెలిసిపోయేది. ఆదివారం కోసం నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను.

ఆ ఎండాకాలంలో అమ్మ పోయింది. సార్ సమాధుల దాకా వచ్చి, గోడ బయట చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఆ తర్వాత కూడా ఆదివారం డ్యూటీ ఇద్దరం చేస్తూనే ఉన్నాం. రాజీ రాజీయే కదా.

మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. నాయకులిద్దరూ ఒకే పార్టీలో తేలారు. జమ్మలమడుగులో ఒకే స్టేజీ ఎక్కి దండలు మార్చుకున్నారు. జీపులన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. మీటింగు అయ్యాక మా మామ భోజనానికి ఇంటికొచ్చాడు.

"ఇంగ మనకూ వాళ్లకూ ఏమీ లేదు పాపా. అందరమూ ఒకటే."

"మరి నా ఆదివారం, మామా?"

"ఏ ఆదివారం?" అన్నాడు.

నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ పూట ఆయనకు మజ్జిగ పొయ్యలేదు. నా చేతనైంది అంతే.

మర్నాడు సార్‌కు చెప్పాను. "అట్లయితే ఈ ఆదివారం నువ్వు గుడికి పో" అన్నాడు.

"బోర్డు సార్?"

"నేనుండా గదా. నాకు అలవాటైపోయిందిలే."

పోయాను. ముందు చాప మీద అమ్మ కూర్చునే చోట ఇంకో పెద్దామె కూర్చుని ఉంది. పాట ఎత్తాను. రెండో చరణంలో గొంతు వణికింది, మళ్లీ నిలబడింది. ఆరాధన అయ్యాక సార్‌కు ఒక మాట చెబుదామని పాస్టరు గారింటికి వెళ్లాను. ఫోను బల్ల మీద లేదు. చర్చి వైపు కిటికీలో ఉంది, రిసీవరు తీసి పక్కన పెట్టి ఉంది.

"మీ సార్ పొద్దున్నే ఆడ పెట్టమన్యాడు" అంది పాస్టరమ్మ.

రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్నాను. "సార్?"

"రెండో చరణంలో ఏమైందమ్మా?"

"అమ్మ గుర్తొచ్చింది సార్."

అవతల కాసేపు ఊపిరి మాత్రం వినిపించింది.

"సరే, పెట్టేయ్‌మ్మా" అన్నాడు. "అన్న తిడతాండాడు."