బావ పీకేసిన వైరు

మొన్న కరీంనగర్‌లో ఒక పనిముట్ల దుకాణంలో ఇనుము కాల్చే ఇండక్షన్ హీటర్ చూశాను. వేడి ఎంతో ముందు అద్దంలో అంకెల్లో కనిపిస్తోంది. మనం పెట్టిన అంకె చేరగానే కరెంటు దానంతటదే ఆగిపోతోంది. దుకాణదారు గొప్పగా వివరిస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, ఆయన తప్పేమీ లేదు.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు, గోదావరిఖనిలో గని వర్క్‌షాపు ఫిట్టరైన మా బావ అలాంటిదే క్వార్టర్ వరండాలో సొంతంగా తయారు చేశాడు. పాత యూపీఎస్ బోర్డులు, రాగి గొట్టం చుట్ట, అది వేడెక్కకుండా నీళ్లు తిప్పడానికి ఇంట్లో కూలర్ మోటారు. ఆ ఎండాకాలమంతా అక్క విసనకర్రతో గడిపింది. హీటర్ ఆన్ చేస్తే పక్కింటి టీవీలో గీతలు పడేవి. అయినా ఉలులు, గడ్డపారలు పదును పట్టించుకునేవాళ్లతో వరండా నిండేది. ఆయన చేతిలో పనితనం ఉంది, కాదనను. పొగరు అంతకన్నా ఎక్కువ ఉంది.

ఉక్కు అతిగా కాలితే పెళుసెక్కుతుంది. అందుకే నేను హైదరాబాద్ నుంచి వేడి కొలిచే సెన్సర్ వైరు, దానికో డబ్బా తెచ్చి బిగించాను. ఎనిమిది వందల డిగ్రీలకు కరెంటు ఆపేస్తుంది. వారం తిరక్కుండా ఆ వైరు పీకేశాడు. ఒక మధ్యాహ్నం నేను మళ్లీ వెళ్లినప్పుడు అదేంటని అడిగితే, "ముప్పై ఏండ్లసంది రంగు జూసే చెప్తున్న బామ్మర్దీ. గీ డబ్బా నాకు నేర్పుతదా?" అన్నాడు. కమ్మరి తన కొలిమిని చీకట్లో ఎందుకు పెట్టుకుంటాడో ఆయనకు తెలియదా? మొదటి షిఫ్టు దిగొచ్చి ఎండ ముఖాన కొట్టే వరండాలో కూర్చుంటే, భగ్గున కాలిన ఉక్కు కూడా మసక ఎరుపుగానే కనబడుతుంది. చాలలేదనుకుని ఇంకా కాలుస్తాడు.

ఆ మధ్యాహ్నం వేలాడుతున్న వైరు చూస్తూ కూడా నేను ఇంకో మాట అనలేదు. అక్క మొగుడికి ఎదురు చెప్పడం మా ఇంటావంటా లేదు. కోడికూర తిని, చెయ్యి కడుక్కుని, "వస్త బావా" అని వచ్చేశాను. వారానికి అక్క కుళాయి గొట్టం కోసం గోడకు కన్నం కొడుతుంటే, బావ కాల్చిచ్చిన ఉలి అంచు పగిలి ఆమె ఎడమ కంట్లో దిగింది.

ఇక ఆ కన్ను కనబడదని దవాఖానలో చెప్పారు. బావ గోడకు ఆనుకుని "నసీబు" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన మీద అరిచాను.

"నసీబేంది బావా? నువ్వు పీకేసిన వైరు!"

కంటికి కట్టుతో పడుకున్న అక్క నన్నే కసిరింది. "ఊకో తమ్మీ. బావను గట్లంటరా?"

కన్ను పోయినా మా మర్యాద పోలేదు. అదే అరుపు వారం ముందు అరవలేని నా నోరు పడిపోను!

ఏళ్లు గడిచి వాళ్లిద్దరికీ ఆ సంగతి పాతబడిపోయింది. ఎడమవైపు పెట్టిన చాయ్ గ్లాసు కోసం అక్క తల మొత్తం తిప్పిన ప్రతిసారీ, నేను నోరు తెరవాల్సిన ఆ మధ్యాహ్నం మాత్రం మళ్లీ వచ్చి, మళ్లీ దాటిపోతుంది.