దుబాయి దిష్టిబొమ్మ

ఆ రోజుల్లో కోరుట్లలో మా వాడ పిల్లల్లో చాలామందికి తండ్రి అంటే ఫోన్లో వినిపించే గొంతే. మా బాపు మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడు. అయినా దుబాయి పోయిండనే అనేవారు (మా ఊరి లెక్కలో సముద్రం దాటితే అంతా దుబాయే). ఆయన అక్కడ ఎవరెవరి ఇళ్లో కడుతుంటే, ఇక్కడ మా కొత్త ఇల్లు గోడల దగ్గరే ఆగిపోయింది. నాకు ఊహ తెలియకముందే వెళ్లాడు కాబట్టి, ఆయన ముఖం కంటే పక్కింటి టీవీలో వచ్చే జపాన్ కార్టూన్ల ముఖాలే నాకు బాగా తెలుసు. చారెడేసి కళ్లు, బియ్యపుగింజంత నోరు, ఏడ్చినా ముద్దొచ్చే ఆ జంతువులంటే పడి చచ్చేదాన్ని. ఒకసారి ఫోన్లో "బాపూ, నాకు పెద్ద పెద్ద కండ్ల జపాన్ బొమ్మ కావాలె" అని ఏడిస్తే, "పంపిస్త బిడ్డా, ఏడువకు" అన్నాడు.

సెలవు మీద ఊరికొచ్చేవాళ్లతో అందరూ తమ ఇళ్లకు మూటలు పంపడం అక్కడి ఆనవాయితీ. అలా వచ్చిన ఒకాయన నేను బడిలో ఉండగా మా మూట ఇచ్చిపోయాడు. అందులో ఒక కంబలి, తలనొప్పి మందు, వాటి మధ్య గులాబీ రంగు బొచ్చుతో నా బొమ్మ. బాపమ్మ, అంటే మా నాయనమ్మ, దాని కళ్లు చూసింది, ఆగిపోయిన ఇల్లు చూసింది, కొడుకు తెలివికి మురిసిపోయింది. నేను వచ్చేసరికి నా బొమ్మ గోడ మీద పాతిన కట్టెకు వేలాడుతోంది. మెడలో నిమ్మకాయలు, మిరపకాయలు, మూతికి బొగ్గు మీసాలు.

"సూడే బిడ్డా, మీ బాపు ఇంటికి దుబాయి దిష్టిబొమ్మ పంపిండు! గీ కండ్లు సూస్తె ఎసొంటి దిష్టి అయినా ఉరుకుతది."

"అది నాది బాపమ్మా, ఆడుకునేది!" అని నేల మీద పడి దొర్లాను.

"కట్టినంక తియ్యద్దు బిడ్డా. ఇల్లు పూర్తయ్యేదాక గా బొమ్మ దిగితే అరిష్టం."

బీడీలు చుడుతున్న అమ్మ నవ్వాపుకోలేక చాటలో ఆకులన్నీ కింద పోసుకుంది. పక్కింటావిడైతే "మాకు గూడ గసొంటిది ఒకటి తెప్పియ్యరాదు" అని బాపమ్మను బతిమాలింది.

అప్పటి నుంచి బాపు రావడం, ఇల్లు పూర్తికావడం, బొమ్మ దిగడం నాకు ఒకటే అయిపోయాయి. నేనే కట్టేద్దామని కొన్నాళ్లు ఇటుకలు మోశాను, చెంబుతో గోడలు తడిపాను (ఎండి ఏళ్లయిన గోడను తడిపి లాభం లేదని ఎవరూ చెప్పలేదు). చివరికి విసుగొచ్చి, సాయంత్రాలు బొమ్మ కింద కూర్చుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. బిల్లు భయంతో అరిచి పెట్టేసే ఫోన్లో చెప్పలేనివన్నీ దానికి చెప్పుకున్నాను. ఎండకు, వానకు రంగు పోయింది. మీసాలు చెరిగినప్పుడల్లా బాపమ్మ మళ్లీ దిద్దేది. అయినా అది నవ్వుతూనే ఉండేది. లేచేముందు రోజూ ఒకటే అడిగేదాన్ని, మా బాపు ఎప్పుడొస్తాడని.

ఒకనాడు అక్కడ పని పోయి, చెప్పాపెట్టకుండా బాపు వచ్చేశాడు. ఎవరి కోసం అన్నేళ్లు ఏడ్చానో ఆ మనిషి ఆటో దిగి వాకిట్లో నిలబడితే, నేను బాపమ్మ చీరచాటున దాక్కున్నాను. "రా బిడ్డా" అని చేతులు చాపినా పోలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. అటూ ఇటూ చూసి, మీసాల బొమ్మను గుర్తుపట్టి, పడీపడీ నవ్వాడు. "వద్దురా, ఇల్లింక పూర్తి గాలేదు!" అని బాపమ్మ అరుస్తున్నా తెంపి, ముఖానికి అడ్డం పెట్టుకుని, సన్నగొంతుతో "నన్నన్న గుర్తు వట్టినవా?" అన్నాడు.

నేను చీరచాటు నుంచి బయటికొచ్చి, అలవాటు కొద్దీ బొమ్మనే అడిగాను.

"మా బాపు ఎప్పుడస్తడు?"

బొమ్మ మెల్లగా నా ఎత్తుకు దిగింది.

"అచ్చిండు బిడ్డా" అంది.

ఇల్లు ఎలాగో పూర్తయింది. బాపు ఇప్పుడు అందులోనే ఉంటాడు. పిల్లల తల్లినయ్యాక కూడా ఎదురుగా కూర్చుంటే ఆయనతో నాకు నాలుగు మాటలు కలవవు. పుట్టింటికి వెళ్లినప్పుడు మనసులో మాటేదైనా చెప్పాలనిపిస్తే పక్కగదిలోకి పోయి ఫోన్ చేస్తాను. గోడకవతల ఆయన ఎత్తి, "ఎట్లున్నవ్ బిడ్డా? అన్నం తిన్నవా?" అంటాడు. తిన్నానని చెప్పి, "నువ్వు తిన్నవా బాపూ?" అని అడుగుతాను. ఇద్దరం అప్పుడే ఒక్కచోట కూర్చుని తిని లేచి ఉంటాం.