తవిటయ్య వేసుకున్న రబ్బరు తోలు

తవిటయ్యకి నీళ్లంటే భయం లేదు. మూసుకుపోయిన చోటంటే భయం. ఈ సంగతి ఖరగ్‌పూర్‌లో ఒక్క మనిషికే తెలుసు, అతని భార్య జోగమ్మకి. ఎముకలు కొరికే చలిలో కూడా దుప్పటి మెడ దాటి పైకి రానివ్వడని, తలుపు గడియ పెడితే లేచి కూర్చుంటాడని పెళ్లయిన కొత్తలోనే ఆమె కనిపెట్టింది. ఎందుకని అడగలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టరులో మంచాన్ని తలుపు పక్కకి జరిపి ఊరుకుంది.

అతని పనేమో ట్యాంకుల్లోకి దిగడం. రైల్వే వర్క్‌షాపుకి రిపేరుకి వచ్చిన కిరసనాయిలు ట్యాంకు వ్యాగన్లని లోపలి నుంచి గోకి, తుడిచి శుభ్రం చేసే గ్యాంగులో ఖలాసీ. ట్యాంకు నెత్తిమీద మనిషి ఒక్కడు పట్టేంత గుండ్రటి కన్నం, అందులోంచి లోపలికి ఇనుప నిచ్చెన. తండ్రి నూకయ్య ఆ గ్యాంగులోనే పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. నూకయ్య లోపల కూర్చుని పాటలు పాడేవాడని, ట్యాంకంతా మోగేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొడుకు కూడా మొదట్లో బాగానే దిగాడు. ఒక వానాకాలం, నీళ్లు లోపల పడకుండా కన్నం మీద ఎవరో టార్పాలిన్ కప్పారు. కాసేపటికి లోపల బ్యాటరీ దీపం ఆరిపోయింది. తవిటయ్య గోడ పట్టుకుని నడిచాడు. గుండ్రటి గోడ, ఎటు తడిమినా ఒకటే. నిచ్చెన దొరకలేదు. అరిచాడు. పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు అతని అరుపుని మింగేశాయి. కిరసనాయిలు వాసన ముక్కులోంచి గొంతులోకి, గొంతులోంచి గుండెలోకి దిగింది. టార్పాలిన్ తీసినప్పుడు చూస్తే నిచ్చెన అతని వీపు వెనకే ఉంది. పైకొచ్చి అందరితో పాటు టీ తాగాడు, అందరితో పాటు నవ్వాడు. ఆ రోజు నుంచి ఏ కన్నంలో కాలు పెట్టినా ఆ ట్యాంకులోకే దిగుతున్నట్టుండేది. కానీ నూకయ్య కొడుకు భయపడ్డాడంటే గ్యాంగు బతకనిస్తుందా?

తొంభై ఒకటో సంవత్సరం చలికాలంలో ఒక దారి కనబడింది. కొత్తగా వచ్చిన పెద్ద సాహెబుకి ఆటల పిచ్చి. ట్రయాథ్లాన్ అని ఒకటి పెడతానన్నాడు. ఆ మాట ఎవరికీ నోరు తిరగక మూడు పందేల ఆట అనేవాళ్లు. ముందు కాసాయి నదిలో ఈత, ఒడ్డుకి రాగానే సైకిలెక్కి ఖరగ్‌పూర్ దాకా రావడం, ఆపైన గ్రౌండు చుట్టూ పరుగు. మధ్యలో ఆగడం లేదు. బట్టలు మార్చుకునే సమయం కూడా పందెంలోదే. మొదటి ముగ్గురికి గ్రౌండు డ్యూటీ ఇస్తారని ఆటల ఆఫీసులో పనిచేసే ఘోష్‌బాబు చెప్పాడు. గడ్డి కొయ్యడం, గీతలు గియ్యడం, నీళ్లు పట్టడం. నెత్తి మీద ఆకాశం.

తవిటయ్య చిన్నప్పటి నుంచి ఈతలో దిట్ట. వెంటనే పేరిచ్చాడు.

తీరా చూస్తే పొగమంచు నెలలో నది చల్లగా ఉంటుందని సాహెబు ఏదో రేవు నుంచి, నీటి అడుగుకి మునిగే డైవర్లు వాడిన పాత రబ్బరు సూట్లు తెప్పించాడు. మెడ నుంచి మడమల దాకా నల్లగా, ఒంటికి అతుక్కునే తోలు. వీపు మీద జిప్పు, దానికి పొడుగు తాడు. అందరూ అవే వేసుకుని ఈదాలి.

"ఇదేటి బావా, పాము కుబుసంలాగున్నాది!" అన్నాడు ఆమోసు, సూటుని రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని. ఆమోసు ఫిట్టరు, పక్క క్వార్టరువాడు. తవిటయ్యకి ప్రాణస్నేహితుడు. "పామయితే సులువుగా ఇడిసేత్తాది. నివ్వెలాగ ఇడుస్తావో!"

మొదటిసారి తొడుక్కున్నప్పుడు, మెడ దగ్గర రబ్బరు బిగుసుకోగానే తవిటయ్యకి చెమట పట్టింది. తీసేటప్పుడు చెయ్యి లోపల ఇరుక్కుంటే కళ్లముందు చీకటైపోయింది. ఆమోసు చూడకుండా గోడవైపు తిరిగి, దగ్గొచ్చినట్టు నటించాడు. గ్రౌండు డ్యూటీ కావాలంటే ఈ తోలులో దూరాలి. ట్యాంకులోంచి బయటపడాలంటే ఇంకో ట్యాంకులోకి దిగాలి.

రోజూ డ్యూటీ అయ్యాక రైల్వే ఈతకొలను దగ్గర అదే పని. తడిసి పైకొస్తూ పరిగెడుతూనే వెనక తాడు లాగాలి, భుజాలు ఒలవాలి, చేతులు లాక్కోవాలి, నడుం దాకా దించి ఒక కాలితో తొక్కిపెట్టి రెండో కాలు ఊడబెరకాలి. ఆమోసు గట్టు మీద కూర్చుని ఎగతాళి చేసేవాడు.

"అరటిపండు తొక్క తీసినట్టు తియ్యాలి బావా! నివ్వేటి, ఉడకని కోడికి ఈకలు పీకినట్టు పీకుతున్నావు!"

"నివ్వు తొడుక్కుని సూడు, తెలుస్తాది."

"నాను తొడుక్కుంటే అది సిరిగిపోద్ది. నా పొట్ట సూసినావేటి?"

నెమ్మదిగా చెయ్యి తిరిగింది. కానీ మణికట్టు దగ్గర మాత్రం ప్రతిసారీ పట్టేసేది. పట్టేసిన ప్రతిసారీ తవిటయ్య ఊపిరి ఆగేది. పందెం వారంలోకి వచ్చింది. "మనికట్టు కాడ అంటుకుంటున్నాదిరా," అన్నాడు ఆమోసుతో. భయమన్న మాట అనలేదు.

ఆమోసు నవ్వాడు. "ఫిట్టరుని పక్కనెట్టుకుని ఈ ఏడుపేటి? పట్టేసిన బోల్టుకి ఏటి సేస్తాం?"

వర్క్‌షాపులో ఏది కదలకపోయినా మందు ఒకటే. గ్రీజు, అందులో కాస్త కిరసనాయిలు. రాసి కొన్నాళ్లు వదిలేస్తే ఎంత మొండి నట్టయినా తిరుగుతుంది. ఇద్దరూ కలిసి సూటుని తిరగేసి మెడకి, చేతులకి, మడమలకి దట్టంగా పూశారు. చుట్టగా చుట్టి ఆమోసు ఇంట్లో మంచం కింద పెట్టారు. ఇనుముకి పనికొచ్చేది రబ్బరుకీ పనికొస్తుందని ఇద్దరూ నమ్మారు.

పందెం నాడు పొద్దున కాసాయి ఒడ్డున పొగమంచు. ఆనకట్ట వెనక నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఘోష్‌బాబు హద్దుగా తాళ్లు కట్టి, సైకిళ్లు వరసగా నిలబెట్టి రూలు చెప్పాడు. "సునో భాయ్, తాడు లోపలికెవరూ రాకూడదు. దుసరా ఆద్మీ చెయ్యి తగిలిందా, పందెం ఖతమ్. ఠీక్ హై?"

తవిటయ్య చుట్ట విప్పాడు. రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉంది, వేలికి జిగురులా తగిలింది. అంతకన్నా ముందు వాసన తగిలింది. కిరసనాయిలు. ఆ వాసనతోనే గుండ్రటి గోడ, చీకటి, దొరకని నిచ్చెన వచ్చి ముందు నిలబడ్డాయి.

జోగమ్మ తాడు అవతల నుంచి అతని మొహం చూసింది. "ఏటయినాది? ఒంట్లో బాగునేదేటి? మానీండి. పోతే పోనాది."

"సలి," అన్నాడు తవిటయ్య. ఆమె నమ్మలేదని తెలుసు.

ఈల మోగింది. నీళ్లలో పడ్డాక కాస్త నయం. చేతులు వాటి పని అవే చేసుకుపోయాయి. ఒడ్డుకి చేరేసరికి అతని ముందు ఇద్దరే ఉన్నారు. మూడోవాడు తను. ఇంక ఈ తోలు వదిలించుకుంటే చాలు.

పరిగెడుతూ వీపు మీది జిప్పు తాడు లాగాడు. జిప్పు దిగింది. భుజాలు ఒలిచాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి గుంజాడు. అక్కడ ఆగిపోయింది. రబ్బరు లోపల అతికించిన గుడ్డ కిరసనాయిలుకి నాని ఊడిపోయి మెలికపడి, మణికట్ల చుట్టూ తాడులా బిగిసింది. పైన రబ్బరు జిగురై ఒకదానికొకటి అంటుకుపోయింది. రెండు చేతులూ వీపు వెనక, కట్టేసినట్టు. గుంజేకొద్దీ బిగుస్తోంది. కాలు మెలికపడి ఇసకలో బోర్లా పడ్డాడు.

"లాగు బావా! ఒక సెయ్యే లాగు!" ఆమోసు తాడు దగ్గర గంతులేస్తున్నాడు.

తవిటయ్యకి ఆ మాట ఎక్కడో ట్యాంకు బయట సుత్తి దెబ్బలా వినిపించింది. నోరు తెరిచాడు, గాలి లోపలికి రాలేదు. వాసన ఒక్కటే వచ్చింది. ఎవరో అతని పక్క నుంచి సైకిలెక్కి పోయారు. ఇంకొకరు. ఒక్క అరుపు అరిస్తే ఆమోసు దూకుతాడు, కోసి పారేస్తాడు. అరిస్తే పందెం పోతుంది. రేపు మళ్లీ కన్నం, నిచ్చెన. అరవకపోతే ఇక్కడే, ఈ ఇసకలో, ఇంతమంది చూస్తుండగా ఊపిరి ఆగిపోతుంది.

"బాబ్బాబు, ఎవలైనా ఎల్లండయ్యా!" జోగమ్మ గొంతు.

"రావద్దు!" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

నీళ్లలో ఉన్నంతసేపూ ఇది ఇంతలా పట్టలేదు కదా, అనిపించింది. మోకాళ్ల మీద లేచాడు. సైకిళ్ల వైపు కాదు, నది వైపు తిరిగాడు. చేతులు రెండూ వెనక కట్టేసి ఉండగా నీళ్లలోకి నడవడమంటే ఎంత ఈతగాడికైనా చావే. తవిటయ్య నడిచాడు. మోకాళ్లు, నడుము, ఛాతీ. గట్టు మీద జోగమ్మ కేక ఆగిపోయింది. కళ్లు మూసుకుని మునిగాడు.

చల్లటి నీళ్లు తెరుచుకున్న జిప్పులోంచి లోపలికి దూకాయి. రబ్బరుకీ ఒంటికీ మధ్య చేరి తోలుని ఉబ్బించాయి. కుడిచెయ్యి కదిలింది. పైకి రావాలని ఒళ్లంతా అరుస్తోంది. రాలేదు. వేళ్లు ముడిచి తిప్పాడు. చర్మం గీరుకుపోయి చెయ్యి ఊడొచ్చింది. ఆ చేత్తో రెండోది లాక్కున్నాడు. పైకొచ్చి గుక్క పట్టిన పిల్లాడిలా గాలి తాగాడు. కాళ్ల దగ్గర తోలుని నీళ్లలోనే తొక్కి వదిలించాడు.

ఒడ్డున ఒకే సైకిలు మిగిలింది. అతనిదే. ఎక్కాడు. తొక్కాడు. పరిగెత్తాడు. చివరి నుంచి రెండోవాడిగా వచ్చాడు.

"హోబే నా, దాదా, కుదరదు," అన్నాడు ఘోష్‌బాబు, భుజం మీద చెయ్యి వేసి. "ముగ్గురికే."

సోమవారం పొద్దున ట్యాంకు మీద గ్యాంగుని నడిపే మిస్త్రీ జగ్గారావు నిలబడి పిలిచాడు. "రారా ఈతగాడా! కాసాయిలో మునిగినావు, దీన్లో మునుగు!"

తవిటయ్య పైకెక్కి కన్నంలోకి చూశాడు. మణికట్లకి గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"నాను దిగనేను మిస్త్రీ."

"ఏటి?"

"బయ్యం. శానా ఏళ్లయినాది. లోపల నాకు ఊపిరాడదు."

గ్యాంగు నవ్వింది. "నూకయ్య కొడుక్కి బయ్యమంటరా!" అన్నాడు తీతు, అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. "మీ అయ్య పాటలు పాడీవోడు, నివ్వు ఏడుపు పాడతావేటి?"

జగ్గారావు నవ్వలేదు. తవిటయ్యని కన్నం అంచు నుంచి పక్కకి జరిపాడు. "బయ్యమున్నోడు లోపలుంటే నా పేనం మీదకొస్తాది. ఇక్కడ కన్నం కాడ కూకో. లోపలున్నోడిని కనిపెట్టుకునుండు. తీతూ, నివ్వు దిగు."

అలా తవిటయ్య కన్నం దగ్గర మనిషయ్యాడు. భయం పోలేదు, చోటు మారింది. లోపలున్నది ఇప్పుడు తీతు. టీకి పొమ్మన్నా పోయేవాడు కాదు. వాన పడినా టార్పాలిన్ కప్పనిచ్చేవాడు కాదు, తనే తడిసేవాడు. గడియకోసారి వంగి, "తీతూ!" అని పిలిచేవాడు.

"ఆఁ! సావనేదు!" అని విసుక్కునేవాడు తీతు. "మా ఆడది కూడా ఇన్నిసార్లు పిలవదురా నాయినా!"

ఒకరోజు విసుగెత్తో, వేళాకోళానికో తీతు పలకలేదు.

"తీతూ!"

లేదు.

"తీతూ! ఒరేయ్!"

లోపలి నుంచి కిరసనాయిలు వాసన వచ్చింది, మాట రాలేదు. పక్కనున్నవాళ్లు తరవాత చెప్పారు, తవిటయ్య నిచ్చెన మెట్లు కూడా వాడలేదని, బావిలో రాయి పడ్డట్టు పడ్డాడని. అడుగున మోకాళ్ల మీద తడుముకుంటూ వెళ్తే తీతు గోడకి చేరబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏటి మావా, దిగనన్నావు గదేటి!"

తవిటయ్య అతన్ని ముట్టుకు చూశాడు. మొహం, మెడ, ఛాతీ. బతికే ఉన్నాడు. అప్పుడు తెలిసింది తను ఎక్కడున్నాడో. గుండ్రటి గోడ అన్ని వైపుల నుంచీ దగ్గరికొచ్చింది. తీతు చొక్కా గుప్పిట పట్టుకుని వదల్లేదు. గొంతులోంచి ఈల లాంటి చప్పుడొకటి వస్తోంది.

తీతు నవ్వు ఆగిపోయింది. "మావా... మావా, ఇటు సూడు. మెట్టు ఇదిగో. కాలెట్టు. నానున్నాను." వెనక నుంచి భుజం ఆనించి ఒక్కో మెట్టే ఎక్కించాడు. పైకొచ్చాక ట్యాంకు మీద వెల్లకిలా పడుకుని తవిటయ్య చాలాసేపు ఆకాశం చూశాడు.

ఆ తరవాత తీతు ఎప్పుడు దిగినా పిలిపించుకోలేదు. పని చేస్తూ చేస్తూ తనే ఉండుండి కేకేసేవాడు. "మావా! ఉన్నాను!"