వంద గీత దాకా

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఫ్యాన్ చప్పుడులో నా మాట వినబడదు. ఒక సీసాడు బోరు నీళ్ల సంగతి చెబుతాను.

అది నా సర్వీసులో చివరి వేసవి, మే నెల మొదటి వారం. తార్నాక దగ్గరి యూనివర్సిటీలో, రసాయన శాస్త్ర విభాగంలోని నీటి పరీక్షల ల్యాబులో నేను అటెండరును. మా ఆయన అక్కడే పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. చదివింది ఐదో తరగతి. పైన ప్రొఫెసర్ మేడం, ఆమె కింద పీహెచ్‌డీ చేసే స్కాలర్లు, తరువాత ల్యాబ్ అసిస్టెంటు, అందరికన్నా కింద నేను. అసిస్టెంటు పోస్టు ఏళ్లుగా ఖాళీ. కాబట్టి గాజు సామాను కడగడం, ఆరబెట్టడం, సర్దడం అన్నీ నా చేతి మీదుగానే జరిగేవి.

అందులో స్టాండర్డ్ ఫ్లాస్కు అని ఒకటుంటుంది. కింద ఉబ్బిన పొట్ట, పైన సన్నని పొడుగు మెడ, మెడ చుట్టూ ఒకే ఒక గీత. ఆ గీత దాకా పోస్తే కచ్చితంగా వంద మిల్లీలీటర్లు. కడిగి ఆరబెట్టాక మూతకూ మెడకూ మధ్య చిన్న కాగితం ముక్క పెట్టి మూస్తాం. లేకపోతే గాజును గాజు పట్టేసి మూత ఊడిరాదు. ఆ కాగితాలు నేనే కత్తిరించేదాన్ని, పాత హాల్‌టికెట్ల నుంచి.

ఆ ఏడు మా ల్యాబుకు కొత్తగా వచ్చిన స్కాలరు స్వరూప. పల్లెటూరి పిల్ల, పనిమంతురాలు. చుట్టుపక్కల బస్తీల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూస్తోంది. ఫ్లోరైడ్ కాస్త ఎక్కువైతే పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, మరీ ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. స్వరూప వాళ్ల నాయనమ్మ అలాగే నడుము వంగి, నేలను చూస్తూ బతికిందట. అందుకే ఆ పిల్లకు ఆ పని మీద అంత పట్టుదల.

ఆ బోర్లలో ఒకటి వారాసిగూడలోని మా గల్లీది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మాది చివరి గల్లీ కావడంతో రెండు బిందెలు నిండేసరికి ఆగిపోతాయి. మిగతాదంతా ఆ బోరే.

సోమవారం ఫ్లోరైడ్ కొలిచే మీటరు మా బోరుకు ఒకటి పాయింట్ ఆరు చూపించింది. ఒకటిన్నర దాటితే తాగకూడదు. శుక్రవారం రిపోర్టు వార్డు ఆఫీసుకు వెళ్తుంది, శనివారం మోటారుకు తాళం పడుతుంది. స్వరూప నా ముఖం చూసి, "ఏం చెయ్యాలె పెద్దమ్మా, నీళ్లు గట్ల ఉన్నయి," అంది.

ఆ సాయంత్రం సింకులో ఆమె సామాను కడుగుతుంటే చెయ్యి ఆగింది. వంట గిన్నెలు తోమే మనిషికి ఆ పూట ఏం వండారో తెలుస్తుంది కదా, ఇదీ అంతే. ఫ్లోరైడ్ చూసిన రోజు స్టాండర్డ్ ఫ్లాస్కులు మూడు సింకులోకి రావాలి. ఆ రోజు వచ్చినవి పది మిల్లీలీటర్లు పీల్చి తీసే గాజు గొట్టం, అదే పిపెట్టు, వంద మిల్లీలీటర్ల కొలజాడీ, ప్లాస్టిక్ సీసాలు. బీరువా తెరిచి చూశాను. మూడు ఫ్లాస్కులూ నేను పెట్టిన చోటే ఉన్నాయి. మూతల్లో కాగితం ముక్కలు నేను పెట్టినట్టే ఉన్నాయి.

మూడెందుకో చెబుతాను. మీటరుకు ముందు ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసిన నీళ్లు చూపించాలి, ఇది ఒకటి, ఇది పది అని. ఒక పీపీఎం అంటే లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము, అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. అంత కొంచెం మందును తూచి వేస్తే నమ్మకం ఉండదు. అందుకని ముందు వెయ్యి పీపీఎం చిక్కటి ద్రావణం చేసి మెట్లు మెట్లుగా పలచన చేస్తారు. పది మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోసి, వంద గీత దాకా నీళ్లు నింపితే వంద పీపీఎం. అందులోంచి పది తీసి మళ్లీ గీత దాకా నింపితే పది. మూడోసారికి ఒకటి. ఒక్కో మెట్టుకు ఒక్కో ఫ్లాస్కు.

ఇంటికి వెళ్లేసరికి బోరు దగ్గర శారమ్మ బిందె పట్టుకుని నిలబడి ఉంది. మా పక్కింటావిడ, ఆదివారం చర్చికి మా గల్లీని సగం వెంటేసుకుని వెళ్లే మనిషి. నన్ను చూడగానే అందుకుంది. "ఏం యాదమ్మా, మీ యూనివర్సిటోళ్లు మా బోరు బంద్ పెట్టిస్తరంట గదా? ఇన్నేండ్లు సీసాలు కడిగినవు, ఒక్క సీస మనకోసం మంచిగ కడగరాదా?"

నవ్వుతూనే అంది కానీ ఆ మాటే నన్ను ఆపేసింది. కాగితాల సంగతి చెబితే, తన గల్లీ కోసం చెబుతోందని అంటారు. నిజంగా అందుకే చెబుతున్నానేమోనని నాకే అనుమానం. నా మాట విని బోరు వదిలేశాక ఆ నీళ్లు నిజంగా చెడ్డవని తేలితే, శారమ్మ మనవరాలి పళ్లకు ఎవరు జవాబు చెబుతారు? మంగళవారమంతా నోరు మూసుకున్నాను. బుధవారం పొద్దున స్వరూప రిపోర్టు టైపు చేస్తుంటే దగ్గరికి వెళ్లి, తెలిసిన నీళ్లు ఎందులో కలిపావని మాత్రం అడిగాను.

ఆ పిల్ల ముఖం మాడ్చుకుంది. "మీ గల్లీ బోరని అడుగుతున్నవా పెద్దమ్మా?"

"బోరు ముచ్చట పక్కకు పెట్టు బిడ్డా. ఫ్లాస్కుల కాగితాలు తియ్యలే. దేంట్ల కలిపినవో గది చెప్పు."

విసుగ్గానే చూపించింది. పిపెట్టుతో పది తీసి సీసాలో వేసింది. కొలజాడీతో వంద నీళ్లు కొలిచి దాని మీద పోసింది. నేను అడిగాను, "పది మీద వంద పోస్తే ఎంతయితది?" ఆమె పెన్ను తీసుకుంది. నూట పది. పదో వంతు కావలసింది పదకొండో వంతు అయింది. మూడు మెట్లలో వెయ్యో వంతు రావలసిన చోట వెయ్యిన్ని మూడు వందల ముప్పై ఒకటో వంతు వచ్చింది. ఒకటి అని రాసిన సీసాలో ఉన్నది ముప్పావే. ముప్పావు కిలో బాటును కిలో అనుకుని తూస్తే సరుకు ఎక్కువ తూగినట్టే, బస్తీల నీళ్లన్నీ ఉన్నదానికన్నా చెడ్డగా కనిపించాయి.

స్వరూప తనే వెళ్లి మేడంకు చెప్పింది. మేడం గుంటూరు వైపు మనిషి, గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. లెక్క అంతా విని, "హెచ్చవేతలతో సరిచేయొద్దమ్మా, మళ్లీ మొదటి నుంచి చేయండి," అన్నారు. నావైపు తిరిగి, "యాదమ్మా, మీరేమంటారు?" అని అడిగారు. ఇందులో మా గల్లీ బోరు ఉంది కనుక నన్ను బయట కూర్చోనివ్వమన్నాను. మేడం సరేనని సీసాల మీది బస్తీల పేర్లు తీయించి తన చేత్తో నంబర్లు వేశారు. ఏ నంబరు ఎవరి బోరో మీటరు దగ్గర కూర్చున్న స్వరూపకు కూడా తెలియదు. వరండాలో స్టూలు మీద రెండు గంటలు కూర్చున్నాను. అంత పొడుగు రెండు గంటలు నా సర్వీసులో లేవు.

మా బోరు ఒకటి పాయింట్ రెండు. ఒకటి లోపు ఉంటే మంచిది, వేరే దారి లేని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. మేడం అలాగే రాశారు: బోరు మూయనక్కర లేదు, చిన్నపిల్లలకు నల్లా నీళ్లే పట్టాలి, ఏటా వేసవిలో మళ్లీ పరీక్ష చేయాలి.

శారమ్మకు ఇదంతా వివరిస్తే మధ్యలోనే ఆపింది. "పాసయిందా ఫెయిలయిందా, ఒక్కటే మాట చెప్పు."

"పాసే. గ్రేస్ మార్కులతోని. నీ మనవరాలికి మాత్రం ఆ రెండు బిందెల నీళ్లే పట్టు."

స్వరూప ఆ తరువాత ఫ్లాస్కులు వాడిన ప్రతిసారీ కాగితం ముక్కలను తనే లెక్కపెట్టి నా చేతికిచ్చేది.

నేను నేర్చుకున్నవి రెండు. అంత పలచటి దాన్ని లెక్కకట్టే ముందు ఏ పాత్రలో, ఎక్కడి దాకా పోశారో అడగాలి. ఇక, మనకు ఏ జవాబు కావాలో ముందే తెలిసిన పరీక్ష జరిగేటప్పుడు అనుమానం చెప్పి బయట కూర్చోవాలి.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంట్లో బిందెలు నిండుగా ఉండాలి, మీ పిల్లల పళ్లు తెల్లగా, పెద్దల నడుములు నిటారుగా ఉండాలి. ఇల్లంతా చల్లగా ఉండండి.